పాలవాడి మీసం

మా తోడల్లుడు అబద్ధమాడడు. అతని మీద నాకున్న ఫిర్యాదుల్లో ఇదే పెద్దది. పొడుగు, భుజాలు, నలభై దగ్గర పడుతున్నా నెత్తిమీద చెక్కుచెదరని జుట్టు, ఇవన్నీ దాని తర్వాతే వస్తాయి.

చికాగో నగరానికి ఒకప్పుడు మా రగ్బీ టీము ఉండేది. జీతాలిచ్చి ఆడించే ప్రొఫెషనల్ టీముగా అది బతికింది కొద్ది సీజన్లే. దానికి ముందు పార్కుల్లో బురదలో పొర్లిన కాలం చాలా ఉంది. ఆ మొత్తం కాలానికి చరిత్రకారుణ్ణి నేను. ఒక్క ఆటా ఆడలేదు. బంతిని ముట్టుకున్నది కూడా అది దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికి వచ్చినప్పుడే. కానీ ఆ టీము ఎప్పుడు పుట్టింది, ఎవరు పుట్టించారు, ఏ చలికాలంలో ఏం జరిగింది అని ఎవరైనా అడిగితే అందరూ నా వైపు చేయి చూపించేవాళ్లు. ఆ చేతులు నన్ను దాటి మా తోడల్లుడి వైపు ఎలా తిరిగాయో ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు అన్నం అరిగేలా లేదు.

రెండు టవర్లు కూలిన మరుసటి ఏడాది నా ఉద్యోగం పోయింది. అప్పట్లో చికాగో శివారు అరోరాలో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. మా ఆవిడకు ఆస్పత్రి ల్యాబ్‌లో పని. శనివారాలు ఆమెను డ్యూటీ దగ్గర దింపి, మళ్లీ ఎక్కించుకునేదాకా పక్కనున్న పార్కులో కార్లో కూర్చునేవాణ్ణి. ఎదురుగా కొంతమంది మగవాళ్లు బురదలో ఒకరి మీద ఒకరు పడుతుండేవాళ్లు. మొదట్లో అది కొట్లాట అనుకుని కారు తలుపులు లాక్ చేసుకున్నాను.

ఒకరోజు ఎర్రగడ్డపు మనిషి ఒకడు వచ్చి అద్దం మీద తట్టాడు. తర్వాత తెలిసింది, అతను టీము కెప్టెన్, ఫైరింజన్ ఉద్యోగి అని. అతని ఇంగ్లీషును నా తెలుగులో చెబుతున్నాను. తిట్లు తీసేస్తే సగం తగ్గింది.

"కళ్లు కనిపిస్తాయా నీకు?"

"కనిపిస్తాయి."

"చెయ్యి పైకి లేస్తుందా?"

లేపి చూపించాను. చేతిలో ఒక జెండా పెట్టాడు. బంతి గీత దాటి బయటికి పోతే జెండా ఎత్తాలట. అటువైపు టీము తమ జెండా మనిషిని తెచ్చుకుంది, వీళ్ల మనిషి రాలేదు. ఆ రోజు నేను ఎత్తాల్సిన చోట ఎత్తానో లేదో గాని, ఎత్తిన ప్రతిసారీ చాలా నమ్మకంగా ఎత్తాను. అది వాళ్లకు నచ్చింది.

రగ్బీలో ఒక ఆచారం ఉంది. ఆట అయ్యాక ఇంటి టీము వచ్చిన టీముకు భోజనం పెట్టాలి. అంతసేపూ ఒకళ్ల పక్కటెముకలు ఒకళ్లు లెక్కపెట్టుకున్నవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. మన పెళ్లిళ్లలో ఆడపెళ్లివారూ మగపెళ్లివారూ ఎదురెదురు బంతుల్లో కూర్చున్నట్టే ఉంటుంది, కాకపోతే ఇక్కడ దెబ్బలు ముందే అయిపోయి ఉంటాయి. నన్నూ కూర్చోబెట్టి గిన్నెడు చిల్లీ, అంటే మాంసం, బీన్సు కలిపి వండిన కారం కూర, పెట్టారు. మాటల్లో అటువైపు కెప్టెన్ అడిగాడు, "మీ క్లబ్ ఎన్నేళ్ల నాటిది?" అని.

మా ఎర్రగడ్డం బుర్ర గోక్కున్నాడు. పక్కవాడు ఇంకో పక్కవాడి వంక చూశాడు. అందరూ ఈమధ్య చేరినవాళ్లే. ఒక్కడికీ తెలియదు. ఆ నిశ్శబ్దం నేను చూడలేకపోయాను. నోట్లో చిల్లీ మింగి, "మొదటి బంతిని పశువుల మార్కెట్లో కుట్టారు" అని మొదలుపెట్టాను.

మొదటి మైదానం పక్కనే పశువుల దొడ్డి ఉండేదని, ఓడిపోయేటప్పుడు మనవాళ్లు దొడ్డి తలుపు తీసేవాళ్లని చెప్పాను. ఒక నవంబరులో కొట్టిన కిక్కు సరస్సు గాలికి లేచి ఇండియానా వైపు వెళ్లిపోయి, మంచు కరిగాక ఏప్రిల్‌లో దిగిందని, అప్పటికి ఆ కిక్కు కొట్టినవాడికి పెళ్లి కూడా అయిందని, అయినా రిఫరీ పెద్దమనసుతో పాయింట్లు ఇచ్చాడని చెప్పాను. బల్ల బద్దలయ్యేలా నవ్వారు. నవ్వాక, దొడ్డి తలుపు మాట మాత్రం నిజమేనా అని మెల్లగా అడిగారు.

అదే నా విద్య. అబద్ధంలో పనికిరాని వస్తువు ఒకటి ఉండాలి. గొప్ప సంగతులు ఎవరూ నమ్మరు. మూలనున్న పగిలిన బకెట్టును నమ్ముతారు. ఆ దొడ్డి తలుపుకు ఒక గొళ్లెం లేదని, సైకిల్ చైను కట్టేవాళ్లని అన్నాను చూడండి, అక్కడ పడ్డారు.

ఆ రోజు నుంచి నా పేరు ప్రొఫెసర్. ఏటా సీజను చివర ఒక ఆదివారం మధ్యాహ్నం క్లబ్ విందు ఉండేది. అందులో క్లబ్ చరిత్ర చెప్పే పని నాకిచ్చారు. నాకు మళ్లీ ఉద్యోగం వచ్చింది, ఇల్లు కొన్నాం, టీము పార్కు మారింది, జెర్సీ రంగు మారింది. ఆ విందులో నా ప్రసంగం మాత్రం మారలేదు. ఆఫీసులో నేను మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటారు. ఇంట్లో మాటంతా మా ఆవిడదే. ఈ దేశంలో ఏడాదికి ఒక్క పూట, ఒక్క గదిలో, అందరూ ఫోర్కులు కింద పెట్టి నా నోటి వంక చూసేవాళ్లు. నాకున్నది ఆ పూటే. అది పోతే నేను హైవే పక్కన ఇల్లున్న ఇంకో ఐటీ మనిషిని, అంతే.

అలాంటి రోజుల్లో నార్త్ కరోలినా మోరిస్‌విల్‌లో ఉద్యోగం మానేసి మా తోడల్లుడు అరోరా వచ్చాడు. మా మరదలు పుట్టింటివైపు మనిషి దగ్గర్లో ఉండాలని పట్టుబట్టిందట. ఆ పుట్టింటివైపు మనిషి మా ఆవిడ. ఇతనిది ఖమ్మం. ఆరడుగులు, మెత్తని మాట, మనిషిని చూస్తే బీరువా పక్కన నిలబడ్డట్టుంటుంది. కాలేజీ రోజుల్లో యూనివర్సిటీకి కబడ్డీ ఆడాడు. ఆ సంగతి అతను చెప్పలేదు, మరదలు చెప్పింది. నేనైతే వీసా ఇంటర్వ్యూలో కూడా చెప్పుకునేవాణ్ణి.

అతన్ని మైదానానికి తీసుకెళ్లింది నేనే. ఎందుకు తీసుకెళ్లాను? ఆ తెల్లవాళ్లు నన్ను ప్రొఫెసర్ అని పిలిచి భుజం తట్టడం మా మరదలి చెవిన పడాలని. తట్టారు, ఆమె విన్నది కూడా. ఆ తర్వాత ఎర్రగడ్డం నా వెనక నిలబడ్డ ఆరడుగుల్ని చూసి, "ప్రొఫెసర్, ఇతనెవరు? ఒక మనిషి తక్కువయ్యాడు, ప్రాక్టీసుకు దించుతావా?" అన్నాడు.

"ఆడతావా తమ్ముడూ?" అన్నాను, ఆడడులే అన్న ధైర్యంతో.

"రూల్స్ తెల్వదు కదన్నా."

"బంతి పట్టుకుని అటువైపు పరిగెత్తడమే. ఎవడైనా అడ్డొస్తే తోసెయ్."

నేను చెప్పిన రూల్స్ అవే. దిగాడు. బంతి అతని చేతికొచ్చింది. ఒక్కసారి గుండెనిండా గాలి పీల్చి, "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అంటూ అవతలి సగంలోకి దూసుకుపోయాడు. ఎదురొచ్చినవాణ్ణి చేత్తో తాకాడు. ఇంకొకణ్ణి తాకాడు. మూలనున్నవాణ్ణి కాలితో తాకాడు. ఇంకో నాలుగంగలు వేస్తే గీత. అక్కడ ఊపిరి అయిపోవచ్చింది కాబోలు, గిర్రున వెనక్కి తిరిగి, బంతితో సహా మొత్తం మైదానం మళ్లీ పరిగెత్తుకొచ్చి, మన సగంలో కాలుపెట్టి, రెండు చేతులూ ఎత్తి నవ్వాడు. లెక్కప్రకారం ముగ్గురు అవుట్.

నాకు ఆ క్షణంలో కలిగిన ఆనందం మా పెళ్లిలో కూడా కలగలేదు. "అయిపోయింది వీడి పని" అనుకున్నాను. చూస్తే టీము టీమంతా నేలమీద పడి దొర్లుతోంది. ఎర్రగడ్డం కళ్లు తుడుచుకుంటూ, "వీడు వెళ్లేటప్పుడు ఒక్కడూ ఆపలేకపోయాడు, వచ్చేటప్పుడూ ఆపలేకపోయాడు. వీడు నాకు కావాలి" అన్నాడు.

మరుసటి వారానికి వెనక్కి రాకూడదని నేర్చుకున్నాడు. ఎదుటివాణ్ణి పట్టే విద్య మాత్రం నేర్పక్కర్లేకపోయింది. రగ్బీలో మెడ పట్టుకుంటే తప్పు. మనవాడు చీలమండ పట్టేవాడు. రైడుకు వచ్చినవాడి చీలమండ దొరికితే కబడ్డీ మనిషి వదులుతాడా? కొండలాంటి వాళ్లు కొబ్బరిచెట్లలా కూలేవాళ్లు. "కబడ్డీ" అన్న పాట కూడా మానలేదు. గట్టు మీద కూర్చున్న భార్యలు, గర్ల్‌ఫ్రెండ్స్, కుక్కలతో వచ్చినవాళ్లు, అందరూ అతనితో పాటు అనడం మొదలుపెట్టారు. కిక్కు ఇండియానా నుంచి తిరిగొచ్చిన కథకు కూడా నాకు అంత గోల రాలేదు.

"ఏంటండీ, మొహం అలా పెట్టారు? చిల్లీ పడలేదా?" అంది మా ఆవిడ.

"ఎండ."

"మబ్బుగా ఉందండీ."

అక్టోబరులో అతను మొదటి ట్రై చేశాడు. అంటే బంతిని అవతలి గీత దాటించి నేలకు ఆనించాడు. దానికీ ఒక ఆచారం ఉంది. కొత్తవాడు మొదటి ట్రై చేస్తే, ఆట అయ్యాక తన బూటు తనే విప్పి, అందులో బీరు పోయించుకుని, రెండు టీముల ముందూ తాగాలి. తాగకపోతే వాడికి ఆ క్లబ్‌లో మర్యాద ఉండదు.

భోజనాల దగ్గర అందరూ లేచి నిలబడ్డారు. బూటు వచ్చింది. బురద, గడ్డి, కాలిచెమట. అందులో నురగ పైకి లేస్తోంది. మా తోడల్లుడు నా దగ్గరికి వంగాడు.

"అన్నా, నాకు తాగుడు అలవాటు లేదు."

"తెలుసు తమ్ముడూ."

"పైగా బూటు. కాళ్లకేసుకున్నది నోటికెట్ల పెట్టుకుంటాం?"

"మరి ఆచారం కదా," అన్నాను. ఆ మాట ఎంత జాలిగా అన్నానంటే నా గొంతు నాకే నచ్చింది. ఇంకొక్క నిమిషం ఆగితే చాలు. "నాకొద్దు" అంటాడు, వాళ్లు ఉసూరుమంటారు, కబడ్డీ పాట ఆగిపోతుంది, శనివారాలు మళ్లీ నావవుతాయి.

అప్పుడు మా మరదలు నా మోచేయి పట్టుకుంది. "బావగారూ, మీరేదో ఒకటి చెప్పండి. మీకు నోరుంది కదా."

నోరుంది కదా అని ఎవరైనా అంటే నేను ఆగలేను. ఎదురుగా రెండు టీముల జనం, చెవులు నిక్కబొడుచుకుని. అది చూశాక ఎవడికి సాయపడుతున్నానన్నది కూడా మర్చిపోయాను.

"ఆగండి!" అన్నాను. "మన క్లబ్ మొదటి రూలు మర్చిపోయారా?"

"ఏ రూలు, ప్రొఫెసర్?"

"ఈ క్లబ్ పెట్టినవాడు ఎవరు? పాలవాడు. గుర్రబ్బండి మీద ఇంటింటికీ పాలు పోసేవాడు. ఆ బండి లాంతరుకు ఒకవైపు అద్దం లేదు, అట్టముక్క పెట్టేవాడు. తాగనని తల్లికి మాటిచ్చాడు. క్లబ్ మొదటి ఆటలో మొదటి ట్రై అతనిదే. బీరు తెచ్చారు. ముట్టనన్నాడు. గొడవైంది. అప్పుడు అటువైపు కెప్టెన్ ఏం చేశాడు? బండి దగ్గరికి వెళ్లి మజ్జిగ క్యాను తెచ్చాడు. 'దోసిలి పట్టు' అన్నాడు. పైనుంచి పోశాడు. చుక్క కిందపడకుండా ఊపిరి తీసుకోకుండా తాగాడు పాలవాడు. అప్పటినుంచి రూలు అదే. తాగనివాడు దోసిలితో మజ్జిగ తాగాలి, పోసేది ఓడిన కెప్టెన్."

ఎర్రగడ్డం, "లాంతరుకు అట్టముక్క" అని తనలో తను అనుకున్నాడు. అయిపోయింది. నమ్మేశాడు.

"మరి మజ్జిగ?" అన్నాడొకడు.

మజ్జిగ ఉంది. మా ఆవిడ స్టీలు క్యాన్‌లో తెచ్చింది. ఆ చిల్లీ తింటే నాకు గుండెల్లో మంట వస్తుందని, ప్రతి శనివారం నాకోసమని చిలికి, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి తెచ్చేది. అది నా మజ్జిగ. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

ఓడిన కెప్టెన్ క్యాను ఎత్తి పోశాడు. మా తోడల్లుడు దోసిలి పట్టి, మోచేతులదాకా కారకుండా, గుటక గుటకగా మొత్తం తాగేశాడు. కరివేపాకు ఒకటి మీసానికి అంటుకుంది. పై కప్పు ఎగిరిపోయేంత చప్పట్లు. ఆ రోజు అతని పేరు బటర్‌మిల్క్ అయింది. నాకు ఇంటికెళ్లేదాకా గుండెల్లో మంట తగ్గలేదు. మజ్జిగ అయిపోయింది మరి.

తర్వాత బీరు తాగేవాళ్లు కూడా బూటు వద్దని దోసిలి అడగడం మొదలుపెట్టారు. మా ఆవిడ ఒక క్యాను కాస్తా మూడు చేసింది. ఎదుటి టీములు కూడా నేర్చుకుపోయాయి. ఒకసారి విస్కాన్సిన్ వెళితే అక్కడివాళ్లు మాకే ఆ కథ చెప్పారు, లాంతరుతో సహా. చెప్పినవాడు చివర్న బటర్‌మిల్క్ భుజం మీద చెయ్యేసి, "ఆ పాలవాడి ఆచారాన్ని మళ్లీ బతికించింది ఇతనే" అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, చేతిలో ఖాళీ క్యానుతో.

ఇంతలో పిజ్జాలమ్మి బాగుపడిన ఒక పెద్దాయన వచ్చి టీమును కొన్నాడు. ఒక హైస్కూలు స్టేడియం అద్దెకు తీసుకున్నాడు. ఫిజీ నుంచి ఇద్దరు ఆటగాళ్లను దింపాడు. మావాళ్లకు కాంట్రాక్టులిచ్చాడు. నగరానికి ప్రొఫెషనల్ రగ్బీ వచ్చిందని పోస్టర్లు వేయించాడు. కాంట్రాక్టులు పంచుతుంటే మా తోడల్లుడు తీసుకోలేదు.

"హెచ్‌వన్ వీసా మీద ఉన్న కదన్నా. ఇంకో జీతం తీసుకోవద్దన్నడు లాయరు. ఊకెనే ఆడత," అన్నాడు.

చూశారా? ఇమ్మిగ్రేషన్ రూలును త్యాగం కింద మార్చే అదృష్టం ఎంతమందికి పడుతుంది? నేను అదే హెచ్‌వన్ మీద ఏళ్ల తరబడి బతికాను, నన్ను చూసి ఒక్కడూ కన్నీళ్లు పెట్టలేదు. వీడికి మాత్రం "మజ్జిగ కోసమే ఆడే మనిషి" అని మైకులో చెప్పారు. టీషర్టుల మీద దోసిలి బొమ్మ, పైనుంచి తెల్లటి ధార. ఆట మొదలయ్యే ముందు పాలవాడి కథ రికార్డు చేసి వినిపించేవారు. గొంతు ఎవరో రేడియో మనిషిది. లాంతరు ఉంది, అట్టముక్క ఉంది, తల్లికిచ్చిన మాట ఉంది. ఈ కథ ఎవరు చెప్పారన్నది లేదు. కొడుక్కి తండ్రి పేరు లేకుండా స్కూల్లో వేసినట్టుంది నాకు.

"బాగా చదివాడు కదండీ ఆయన," అంది మా ఆవిడ స్టేడియంలో.

"రాసింది ఎవరో?"

"మీరే. ఏడవకండి, పాప్‌కార్న్ తినండి."

పిజ్జా పెద్దాయనకు రెండో ఏడాదికే ఉత్సాహం తగ్గింది. ఎండాకాలం సీట్లు నిండేవి. చలి మొదలైతే మేమూ, కుక్కలూ మిగిలేవాళ్లం. కాంట్రాక్టులు ఆగాయి. ఫిజీవాళ్లు వెళ్లిపోయారు. చివరికి టీమును మూసేస్తున్నామని, ఒక ఆఖరి విందు ఉంటుందని కబురొచ్చింది. హాలు కూడా అరోరాలో మన ఉగాది ఫంక్షన్లు చేసే హాలే.

నేను ప్రసంగం సిద్ధం చేసుకుంటున్నాను. అప్పటికి కోచ్ అయిన ఎర్రగడ్డం ఫోన్ చేశాడు. గడ్డం తెల్లబడింది గాని నాకు ఇంకా ఎర్రగడ్డమే.

"ప్రొఫెసర్, ఆఖరిసారి కదా. ఈసారి చరిత్ర బటర్‌మిల్క్ చెబితే బాగుంటుందని కుర్రాళ్లు అంటున్నారు. నువ్వు చాలాసార్లు చెప్పావు. నువ్వేమీ అనుకోవు కదా?"

"ఛ, ఛ. నేనేమనుకుంటాను?" అని ఫోను పెట్టేసి, గరాజ్‌లోకి వెళ్లి, మంచు తోసే పారను గోడకేసి కొట్టాను.

"పార ఏం చేసిందండీ?" అంది మా ఆవిడ వచ్చి. చెప్పాను. విని, "ఒక్కసారి అతన్ని చెప్పనివ్వండి. పాపం అతనికి రెండు ముక్కలు కూడా రావు," అంది.

"రాకపోవడమే కదా నా బాధ! రెండు ముక్కలు చెబుతాడు, దానికే ఏడుస్తారు."

అదే జరిగింది. ఆ ఆదివారం హాలు నిండా జనం. మా తోడల్లుడు సూటు వేసుకుని లేచాడు. నా కథలన్నీ ఒక్కొక్క వాక్యంలో చెప్పాడు. "మొదట దొడ్డి పక్కన ఆడిన్రు. తర్వాత పాలాయన మజ్జిగ తాగిండు. తర్వాత నన్ను మా అన్న తెచ్చిండు. మీరు నాకు పరిగెత్తడం నేర్పిన్రు, వెనక్కి రావొద్దని చెప్పిన్రు." దాన్ని ఇంగ్లీషులో ఇంతకంటే చిన్నగా చెప్పాడు. అంతే. ఎర్రగడ్డం కర్చీఫ్ తీశాడు. నిన్నమొన్న చేరినవాళ్లు కూడా ముక్కులు చీదుతున్నారు. నా పన్నెండేళ్ల ప్రసంగాలకు నవ్వారు గాని, ఒక్కడి ముక్కూ తడవలేదు.

నేను లేచాను. మా ఆవిడ కోటు పట్టుకుని లాగింది. కోటు విడిపించుకున్నాను.

"ఒక్క సవరణ," అన్నాను. "పాలవాడు లేడు."

ఫోర్కులు ఆగాయి. ఎన్నాళ్లకు ఆగాయి!

"గుర్రం లేదు. బండి లేదు. లాంతరు లేదు. ఆ రోజు ఇతను బూటులో బీరు తాగనన్నాడు. మా మరదలు నా మోచేయి పట్టుకుంది. అక్కడికక్కడ నేను కల్పించాను. మజ్జిగ మా ఆవిడ చేసింది, నా గుండెమంట కోసం. మీ టీషర్టు మీదున్న ఆ బొమ్మ నాది. ఆ కథ నాది."

ఎక్కడో మూల ఒకడు నవ్వాడు. రెండోవాడు బల్ల చరిచాడు. అంతే, హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు, ఈలలు. "ప్రొఫెసర్! ఇదే నీ బెస్ట్!" అని అరిచాడు ఎర్రగడ్డం. "పాలవాడే లేడట! గుండెమంటట!"

"నిజంగా చెబుతున్నాను," అన్నాను. ఇంకా నవ్వారు. నా జీవితంలో అంత నవ్వు నాకెప్పుడూ రాలేదు. అదీ ఉన్నమాట చెప్పినందుకు.

"ఉండండి, ఉండండి," అని ఎర్రగడ్డం చెయ్యెత్తాడు. "ఈ గదిలో అబద్ధం రాని మనిషి ఒక్కడే ఉన్నాడు. బటర్‌మిల్క్! నువ్వు చెప్పు. పాలవాడు ఉన్నాడా, లేడా?"

అందరూ అతని వైపు తిరిగారు. నేనూ తిరిగాను. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇతను అబద్ధమాడడు. ఆ ఒక్క అవలక్షణం ఇన్నాళ్లకు నాకు పనికొస్తోంది. ఇతను "లేడు" అంటే చాలు, ఆ కథ నా పేరున పడుతుంది.

అతను నా వంక చూశాడు. తన దోసిలి వంక చూసుకున్నాడు. మెల్లగా, తనకున్న ఆ మెత్తని గొంతుతో అన్నాడు:

"ఆయన ఫొటో నేను చూసిన. పాత పార్కులో మనం బట్టలు మార్చుకునే గది ఉండె కదా, అక్కడ సింకు పైన. పైపు పగిలినప్పుడు తడిసి పాడైపోయింది. పెద్ద మీసాలు. ఎడమవైపు మీసం కొంచెం పొట్టి."

దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు, నాకు తెలుగులో వినిపించింది. ఆ పైపు పగిలిన సంగతి సగం మందికి గుర్తుంది, ఆ రోజు తడిసినవాళ్లు అక్కడే కూర్చుని ఉన్నారు. ఒకడు, "అవును, సింకు పైన ఏదో ఫ్రేము ఉండేది" అన్నాడు. ఇంకొకడు, "మీసాలు నాకూ గుర్తే" అన్నాడు. ఎర్రగడ్డం గ్లాసు ఎత్తి, "పాలవాడికి!" అన్నాడు. అందరూ లేచారు. మా ఆవిడ లేచింది. మా మరదలు లేచింది. కూర్చుని ఏం చెయ్యను, నేనూ లేచాను.

తిరిగి వచ్చేటప్పుడు నలుగురం ఒకే కార్లో వచ్చాం. అతను డ్రైవ్ చేస్తున్నాడు. ఆడవాళ్లిద్దరూ వెనక సీట్లో అరిసెల పాకం గురించి మాట్లాడుకుంటున్నట్టు నటిస్తున్నారు. నేను పక్కసీట్లో కిటికీలోంచి మొక్కజొన్న చేల వంక చూస్తున్నాను.

"కోపమొచ్చిందా అన్నా?" అన్నాడు.

"అక్కడ ఫొటో ఎక్కడుంది తమ్ముడూ? సింకు పైన నల్లా వాడాక కట్టెయ్యమని రాసిన కాగితం ఉండేది."

"ఆ కాగితమే అన్నా. దానికే ఫ్రేము ఉండె."

"ఎందుకన్నావు మరి?"

సిగ్నల్ దగ్గర ఆగాక అన్నాడు, "టీము పాయె. రేపటినుంచి పార్కుకు పోతే ఎవ్వరుండరు. మీరు ఆయన్ని గూడ తీస్కపోతా అన్నరు. ఆయన్నన్నా ఉండనిద్దామని."

సిగ్నల్ మారింది. కాసేపటికి అడగకుండా ఉండలేకపోయాను.

"ఆ మీసం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"ఏమో అన్నా. నోట్లకొచ్చింది."

"ఎడమవైపు పొట్టి?"

"అదిగూడ నోట్లకొచ్చింది."

నోట్లోకొచ్చిందట! ఏళ్లుగా ఆ పాలవాడు నా బుర్రలో తిరుగుతున్నాడు. వాడి గుర్రం మేత నాకు తెలుసు, వాడి తల్లి దగ్గు నాకు తెలుసు. లాంతరుకు అట్టముక్క పెట్టి మురిసిపోయాను గాని, మనిషికి మొహం ఉంటుందని ఒక్కరోజూ తోచలేదు. మొదటిసారి అబద్ధమాడినవాడు, ప్రాక్టీసు లేనివాడు, ఒక్క ఊపిరిలో వాడికి మీసం పెట్టాడు. దాన్ని ఒకవైపు పొట్టి కూడా చేశాడు. కబడ్డీలో చీలమండ దొరికినట్టు దొరికింది వాడికి.

ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. మా ఆవిడ గ్లాసుడు మజ్జిగ తెచ్చి చేతికిచ్చి, "తాగండి, మంట తగ్గుతుంది," అంది. తగ్గలేదు.

ఇప్పుడు ఎవరింటికి భోజనానికి వెళ్లినా ఆ టీము మాట నేనే తీస్తాను. దొడ్డి చెబుతాను, గుర్రం చెబుతాను, లాంతరు చెబుతాను. పాలవాడి దాకా వచ్చాక ఒక్క క్షణం ఆగి, మా తోడల్లుడు ఆ చుట్టుపక్కల లేడు కదా అని చూసుకుని, మీసం దగ్గర గొంతు తగ్గిస్తాను. ఎడమవైపు కొంచెం పొట్టి అంటాను. వినేవాళ్లు అక్కడే నమ్ముతారు. ఆ మీసం ఎవరిదని ఎవరైనా అడిగితే, నాదే అంటాను.